లోపల ఎవరైనా ఉన్నారా?

మా మామయ్య తలుపు కొట్టకుండా దేన్నీ తెరిచేవాడు కాదు. దేన్నీ అంటే దేన్నీ. బీరువా తెరవాలంటే వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, చెవి ఆనించి, మనసులో అయిదు లెక్కపెట్టి, అప్పుడు తీసేవాడు. ఫ్రిజ్జుకీ అంతే, వాషింగ్ మెషీనుకీ అంతే. ఒకసారి అత్తయ్య వంకాయలు కోసిపెట్టమంటే ఒక్కో కాయనీ కొట్టి అడుగుతూ కూర్చున్నాడు. ఆ పూట మేం భోజనాలకి లేచేసరికి మూడయింది.

"పుచ్చిన కాయ ఏదో అదే చెప్తుందేమో, అడగండి. నాకు చూసుకునే పని తప్పుతుంది," అంది అత్తయ్య.

"చెప్పిందిగా. ఇదిగో, ఇందులో ఉన్నారు," అని మామయ్య ఒక నిగనిగలాడే కాయని పక్కన పెట్టాడు.

కోసి చూస్తే నిజంగానే పురుగు. అత్తయ్య వారం రోజులు వంకాయ వండలేదు.

ఆయన పనిలో మునిగిపోయి పిలిచినా పలక్కపోతే అత్తయ్య వెనకనుంచి వచ్చి, ఆయన బట్టతల మీద అదే లెక్కన మూడుసార్లు కొట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగేది. "ఉన్నాను, ఉన్నాను," అంటూ ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. రోజుకి నాలుగైదుసార్లు జరిగే తంతు ఇది.

ఈ అలవాటు ఉద్యోగంలో అంటుకుంది. మామయ్య ముప్ఫై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కు. నా మొదటి ఉద్యోగం రోజుల్లో రెండేళ్ళు వాళ్ళింట్లో ఉన్నాను కాబట్టి ఆ కథ పాతికసార్లయినా విన్నాను. ఏదో ఏడంతస్తుల ఆఫీసు. సెలవు రోజు. లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. సెలవే కదా, ఖాళీగానే ఉంటుందనుకుని మామయ్య కరెంటు తీసేసి, కావలసిన సామాను తేవడానికి వెళ్ళాడు. నాలుగు గంటల తర్వాత వచ్చి తలుపు లాగితే లోపల బక్కపల్చటి ముసలాయన ఒకడు, ఒళ్ళో సంచీ పెట్టుకుని, చీకట్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

"అయ్యయ్యో! ఒక్క కేక వెయ్యకపోయారా?" అన్నాడు మామయ్య.

"నువ్వు అడగలేదు కదా బాబూ," అని ఆ ముసలాయన సంచీ సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడట. తర్వాత వాకబు చేస్తే, ఆ రోజు అలాంటి మనిషి లోపలికి వెళ్ళడం గానీ బయటికి రావడం గానీ కాపలావాళ్ళెవరూ చూడలేదన్నారు.

ఇక్కడికి వచ్చేసరికి మామయ్య గొంతు తగ్గించేవాడు. అత్తయ్య గొంతు పెంచేది.

"ఎవరో ఇన్సూరెన్సు ఏజెంటు అయ్యుంటాడు. ఏజెంటుని చూశామని ఎవరు ఒప్పుకుంటారు!"

రిటైరయ్యాక కొట్టడానికి లిఫ్టులు లేకపోయేసరికి మామయ్య బూట్ల మీద పడ్డాడు. అంటే తోలు బూట్లు కాదు. ఇప్పటివాళ్ళు స్నీకర్లంటారే, ఆ రబ్బరు అడుగు గుడ్డ బూట్లు. చెత్తడబ్బా పక్కన ఎవరో పారేసిన జత ఒకటి తెచ్చి బాగుచేసి గుమ్మంలో పెడితే, పారేసినావిడే వచ్చి "ఇవి నావండీ!" అని పట్టుకుపోయింది. ఆయన పేరు అలా పాకింది. మూడో అంతస్తులో ఉన్న మా గుమ్మానికి నాలుగు వీధుల అవతలనుంచి కూడా అరిగిపోయిన బూట్లు మెట్లెక్కి వచ్చేవి.

వెనక బాల్కనీకి మసక అద్దాలు బిగించి గది చేసుకున్నాడు. తాళ్ళు ఊడదీసి విడిగా నానబెట్టడం, లోపలి అట్ట బయటికి తియ్యడం, ముందు పొడి బ్రష్షుతో మట్టి దులపడం, తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్ళు, రబ్బరు అంచులకి వంటసోడా ముద్ద, కుట్ల సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు. ఊడిన అడుగుకి గ్లూ రాసి, సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి ఒక రోజు వదిలేసేవాడు. చివరికి పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కి, నీడన ఆరబెట్టేవాడు. ఎండలో పెడితే తెలుపు పసుపెక్కుతుందని ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

నా మంచం ఆ గది గోడకి ఆనుకుని ఉండేది. తడి బూట్లలో కుక్కిన పేపరు ఆరేకొద్దీ నెమ్మదిగా విచ్చుకుంటూ చిటచిటమంటుంది. ఒక జత అయితే ఫరవాలేదు. పన్నెండు జతలు వరసగా నాలుకలు బయటపెట్టి గోడ అవతల గుసగుసలాడుతుంటే ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. దండెం మీద తాళ్ళు గాలి లేకుండానే ఊగుతుండేవి. నాకు చీకటంటే భయం లేదు. చీకట్లో ఉండేవాటంటేనే భయం.

వీటన్నిటికన్నా ముందు ఆ తంతు ఉండనే ఉంది. జత చేతికి రాగానే, తెచ్చినవాళ్ళ ఎదుటే బూటు తిరగేసి, అడుగు మీద మూడుసార్లు కొట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, బూటుని చెవికి ఆనించుకునేవాడు.

"మా ఆవిడుందేమో చూడండి, పొద్దుటినుంచీ కనపళ్ళేదు!" అని రెండో అంతస్తు డ్రాయింగు మాస్టారు పగలబడి నవ్వాడు.

"ఖాళీయే. ఎల్లుండి రండి," అన్నాడు మామయ్య.

నూటికి తొంభై ఖాళీయే. కానీ ఎప్పుడో ఒకసారి మామయ్య అయిదు దాటి పది దాకా లెక్కపెట్టేవాడు. తర్వాత బూటు మెల్లిగా కింద పెట్టి, "ఇందులో మనిషి ఉన్నారండీ. ఖాళీ అయ్యాక కడుగుతాను," అనేవాడు. లిఫ్టుల దగ్గర కరెంటు తీసినప్పుడు తగిలించే ఎర్ర అట్టలు కొన్ని ఆయన ఉద్యోగంనుంచి తెచ్చుకున్నాడు. "లోపల మనిషి ఉన్నారు. స్విచ్ వేయకండి" అని రాసి ఉంటుంది వాటిమీద. అందులో ఒకటి ఆ జత తాళ్ళకి కట్టి పై అరలో పెట్టేసేవాడు. నేను ఆ ఇంటికి వచ్చేసరికి పై అరలో మూడు జతలున్నాయి. అందులో ఒకటి, పరుగుపందేలు మానేస్తున్నానని చెప్పి ఒకమ్మాయి ఇచ్చివెళ్ళింది. ఆ అర కింద నిలబడి నేనెప్పుడూ తల పైకెత్తలేదు.

ఆ వానాకాలంలో, మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ ఒక జత తెచ్చింది. ఆమె భర్త ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. కుడికాలు కొంచెం పొట్టి, ఈడ్చి నడిచేవాడు. ఆయన పోయి రెండు నెలలయింది. బూట్లు బురదకొట్టుకుని ఉన్నాయి, కుడిదాని అడుగు ముందువైపు నోరు తెరిచింది.

"కడిగి తెల్లగా చెయ్యండి అన్నయ్యగారూ. మా మరిదికి ఇచ్చేస్తాను. ఇవి ఇంట్లో ఉంటే నావల్ల కావట్లేదు," అంది.

"ఏమైందమ్మా?"

"రోజూ సాయంత్రం ఆరింటికి, ఆయనొచ్చే వేళకి, ఇంట్లో నడిచిన చప్పుడవుతోంది. టక్కుమని ఒకటి, సర్రుమని ఈడ్చినట్టు ఒకటి. అచ్చం ఆయన నడకే. పక్క గదిలోకి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. ఇవి మాత్రం గోడవారన కూర్చుని ఉంటాయి."

మామయ్య బూటు తిరగేసి మూడుసార్లు కొట్టాడు. అడిగాడు. చెవికి ఆనించుకున్నాడు. అయిదు దాటింది, పది దాటింది, ఇరవై కూడా దాటిందేమో.

"ఉన్నారమ్మా," అన్నాడు.

ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది. గిరుక్కున తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మామయ్య ఆ చప్పుడు మెట్ల కింద కలిసిపోయేదాకా విని, బూట్లకి ఎర్ర అట్ట కట్టి పై అరలో పెట్టాడు.

మూడో రోజు సాయంత్రం ఆరింటికి నేను హాల్లో జుట్టు దువ్వుకుంటున్నాను. టక్... సర్ర్... టక్... సర్ర్. మెట్లమీదనుంచి పైకి వస్తోంది. మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఎవరూ తలుపు కొట్టలేదు. కాసేపటికి మళ్ళీ టక్, సర్ర్ అంటూ దిగిపోయింది. నా దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

"అత్తయ్యా, విన్నావా?"

"విన్నాను."

"భయం వెయ్యట్లేదా?"

"మీ మామయ్యని చేసుకున్నాక ఇంకా భయాలేం మిగిలాయే!" అంది గానీ, లైటు వెయ్యడానికి నన్నూ వెంటబెట్టుకునే వెళ్ళింది.

మర్నాడూ అదే చప్పుడు. ఆ మర్నాడూ అదే. మామయ్య ఏం చేశాడనుకున్నారు? రోజూ ఆరుకి పది నిమిషాల ముందు, మెట్ల దగ్గర లైటు వేసి, గుమ్మం బయట ఒక స్టూలు పెట్టి వచ్చేవాడు. పైగా దానిమీద పాత దిండు కూడా!

"ఎవరికండీ ఆ సింహాసనం?" అనడిగింది అత్తయ్య.

"వచ్చేవాళ్ళకి," అన్నాడు, టూత్‌బ్రష్షు మీదనుంచి చూపు తిప్పకుండా.

అప్పటినుంచి చప్పుడు గుమ్మం దాకా వచ్చాక, స్టూలు కిర్రుమనడం కూడా మొదలైంది. పావుగంట నిశ్శబ్దం. మళ్ళీ కిర్రు. మళ్ళీ టక్, సర్ర్. తలుపుకున్న చిన్న కన్నంలోంచి చూడొచ్చు కదా అంటారేమో. మీరైతే చూసేవాళ్ళేమో. నేను మాత్రం దుప్పట్లో ఉండేదాన్ని. రెండు వారాల్లో సగమైపోయాను. ఆఫీసులో నా పక్క సీటావిడ ఏదైనా జబ్బా అని అడిగింది.

చివరికి నాకో ఆలోచన వచ్చింది. మనిషి ఉన్నది మట్టిలోనే అయితే, మట్టి పోతే మనిషీ పోతాడు. కడిగిపారేస్తే పీడా వదిలిపోతుంది. కొరివితో తల గోక్కోవడమని ఇప్పుడు అర్థమవుతోంది గానీ, అప్పుడు ఎంత తెలివో అనుకున్నాను.

ఒక సెలవు రోజు మామయ్య కంటి పరీక్షకి వెళ్ళాడు. కంట్లో చుక్కలు వేస్తే దారి కనపడదని అత్తయ్య తోడు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "మేం వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. ఆరుకి ముందు స్టూలు బయట పెట్టడం మర్చిపోకు," అన్నాడు మామయ్య. బుద్ధిగా తలూపాను. పెట్టకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను. కూర్చోబెట్టి మర్యాద చేస్తే ఎవరు మాత్రం రావడం మానేస్తారు?

బయట జోరున వాన. అయిదింటికి మామయ్య ఏప్రను కట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, పై అరలోంచి ఆ జత దించాను. నిన్న గుమ్మంలోంచి చూసినప్పుడు గోడవైపు ఉన్న బూట్ల ముక్కులు ఇవాళ గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి. చూడనట్టు నటించాను. ఎర్ర అట్ట విప్పేశాను. కొట్టలేదు, అడగలేదు. ఎడమది ముందు తీసుకుని తాళ్ళూ లోపలి అట్టా లాగేసి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తోమాను. కాఫీ రంగు నీళ్ళు దిగాయి. ఎన్ని నెలల మట్టో, ఎన్ని వీధులదో, ఎన్ని మెట్లదో, పైపులోకి గుడగుడమంటూ పోయింది. తోమగా తోమగా బూటు కొత్తపెళ్ళికొడుకులా తెల్లగా తేలింది. చాలా గర్వపడ్డాను.

కుడిది చేతిలోకి తీసుకున్నాను. ఆరయింది.

టక్... సర్ర్... టక్... సర్ర్.

గుమ్మం దాకా వచ్చి ఆగింది. కిర్రుమని వినపడలేదు. స్టూలు లేదు కదా! నా చేతిలో బూటు, బూటు కింద నీళ్ళు. ఊపిరి బిగబట్టాను. అప్పుడు వినపడింది. టక్, టక్, టక్. వేలి కణుపుతో కొట్టినట్టు మూడుసార్లు.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అంది ఒక ఆడగొంతు, నీరసంగా.

ఆ ఇంట్లో ఉన్న అలవాటు ఎంత చెడ్డదంటే, భయంతో చచ్చిపోతూ కూడా నేను, "ఉన్నాను," అనేశాను. బూటుకే చెప్పాను.

"తలుపు తియ్యమ్మాయ్, తడిసిపోయాను."

బూట్లు రెండూ ఒక చేత్తో వీపు వెనక దాచుకుని వెళ్ళి తీస్తే టైలరమ్మ! చీర కొంగు పిండుకుంటూ నిలబడి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె లోపలికి నడిచింది. టక్, సర్ర్. టక్, సర్ర్. ప్రాణం మళ్ళీ పోయింది. ఆమె కాళ్ళవైపు చూశాను. రెండూ సమానంగానే ఉన్నాయి, మామూలు చెప్పులు.

"పిన్నిగారూ, రోజూ వస్తున్నది మీరేనా?"

"నేనే. బూట్లు వెనక్కి ఇచ్చెయ్యమని అడుగుదామని వస్తాను. కడగమని చెప్పిన నోటితోనే వద్దని ఎలా అడగను? ఆ స్టూలు మీద కాస్త కూర్చుని, ధైర్యం చాలక వెళ్ళిపోతాను. ఇవాళ స్టూలు కూడా లేదు. తడిబట్టలతో నిలబడలేక కొట్టేశాను," అంటూ కొంగుతో తల తుడుచుకుంది. "ఇంకో సంగతి చెప్పనా? ఆ చప్పుడు బూట్లది కాదమ్మాయ్. బూట్లు మీ ఇంటికొచ్చాక కూడా మా ఇంట్లో వినపడుతూనే ఉంది. ఈ మెట్లమీదా వినపడింది. నాదే. ఇరవై రెండేళ్ళు ఆయన పక్కన ఆయన అడుగులో అడుగేసి నడిచాను కదా, నా నడకా అదే అయిపోయింది. ఆరింటికి తలుపు తియ్యడానికి లేచేది నేనే. పిచ్చిదాన్ని, నా కాళ్ళకి నేనే జడుసుకున్నాను."

నేను వీపు వెనకే బూట్లని చేతికొకటి చేసుకున్నాను.

"వాటిని కడగలేదు కదా?" అంది. "మరేం అక్కర్లేదు. ఆయన పొట్టికాలికి ఎత్తుండాలని లోపల గుడ్డపీలికలు పొరలుపొరలుగా వేసి దిండు కుట్టాను. దానిమీద ఆయన అయిదు వేళ్ళ గుంటలు పడ్డాయి. అవి నీళ్ళు తగిలితే పోతాయి. అదొక్కటి ఉంటే చాలు నాకు."

పొట్టికాలు ఏదో ఆ నిమిషంలో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వెనక దాచుకున్న రెండు చేతులూ ముందుకి చాపాను. ఒకదాంట్లో పాలలా మెరిసే ఎడమ బూటు, ఇంకోదాంట్లో బురద కుడి బూటు.

"తప్పయిపోయింది పిన్నిగారూ. భయపడి నేనే కడిగేశాను. మామయ్యకి తెలియదు," అన్నాను. ఏడుపు వచ్చేసింది.

ఆమె కుడి బూటు లాక్కుని లోపలికి చెయ్యి పోనిచ్చింది. వేళ్ళు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ వెళ్ళి ఎక్కడో ఆగాయి. పొడిగానే ఉన్నట్టుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత కళ్ళు తెరిచి రెండు బూట్లనీ పక్కపక్కన పెట్టి చూసింది, కిసుక్కున నవ్వింది.

"ఆయన కూడా ఇంతేనమ్మాయ్. ఒక కాలు నా మాట వినేది. రెండోది ఛస్తే వినేది కాదు. ఇప్పుడు అచ్చం ఆయన బూట్లలా ఉన్నాయి."

అప్పుడే గుమ్మం మీద మూడు దెబ్బలు పడ్డాయి. "లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాం అన్నయ్యగారూ!" అంది టైలరమ్మ.

మామయ్య నల్లకళ్ళద్దాలతో, అత్తయ్య భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు. సంగతంతా విన్నాడు. కింద పడున్న ఎర్ర అట్టని తడుముకుని తీసి, "మనిషి ఉన్నారని రాసుందిగదే," అన్నాడు నాతో. అంతే అన్నాడు. దానికి బదులు రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఆ మసక కళ్ళతోనే కుడి బూటు నోటికి గ్లూ రాసి, ట్యూబు ముక్కతో కట్టాడు. మట్టి ఒక్క రేణువు రాలనివ్వలేదు. మరిదికి కొత్తవి కొనిస్తానంటూ టైలరమ్మ జత అందుకుంటే, ఎర్ర అట్ట కూడా చేతిలో పెట్టాడు. "ఉంచుకో చెల్లెమ్మా. ఖాళీ అయిన రోజున తెచ్చిద్దువుగాని. తొందరేం లేదు." ఆమె వెళ్ళిపోయింది. టక్, సర్ర్. ఈసారి ఆ చప్పుడు నాకు వినడానికి బాగానే అనిపించింది.

"అంటే ఆవిడ అని మీకు ముందే తెలుసా?" అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మొదటి రోజు మెట్లు దిగుతుంటేనే తెలిసింది. పాపం, మూడంతస్తులు ఎక్కి వస్తోంది, కూర్చుంటుందని స్టూలు వేశాను."

"భేష్! స్టూలు లేకపోతే ఆ మొదటివారమే తలుపు కొట్టేది. దిండేసి మరీ పద్దెనిమిది రోజులు బయట కూర్చోబెట్టారు!"

మామయ్య నల్లకళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనకి అంతవరకూ తట్టినట్టు లేదు.

"మామయ్యా, నిజం చెప్పు. బూటులో నీకు నిజంగా వినపడుతుందా?" అన్నాను.

"బూటులో ఏం వినపడుతుందే పిచ్చిదానా! కంపు తప్ప ఏం రాదు. చెవి బూటు దగ్గరుంటుంది గానీ, నా కళ్ళు తెచ్చినవాళ్ళ మీదుంటాయి. కొట్టగానే నవ్వారనుకో, ఖాళీ. జవాబు వస్తుందేమోనని ఊపిరి బిగబట్టారనుకో, లోపల మనిషి ఉన్నట్టే. అలాంటివాళ్ళు తొందరపడి కడిగించుకుని తర్వాత ఏడుస్తారు. ఆ పరుగుల పిల్లా అంతే. నెలో రెండు నెలలో ఆగితే వాళ్ళే వచ్చి చెప్తారు, కడగాలో వద్దో."

"మరి వంకాయ?"

"తేలిగ్గా ఉంది. పురుగు తినేసుంటుందనుకున్నాను."

"బూట్ల ముక్కులు గుమ్మంవైపు తిరగడం?"

"రెండువైపులా గాలి తగలాలని రోజూ తిప్పుతాను."

నాకు ఎంత తేలికైందో చెప్పలేను. "అయితే లిఫ్టులో ఆ ముసలాయన?" అన్నాను నవ్వుతూ.

మామయ్య నల్లద్దాల వెనక ఎక్కడ చూస్తున్నాడో తెలియలేదు. వాన ఆగింది. గోడ అవతల పేపరు చిటచిటమంది. మళ్ళీ అడిగాను. పలకలేదు.

అత్తయ్య ఎప్పట్లాగే విసుక్కుంటూ వెనకనుంచి వచ్చి, ఆ బట్టతల మీద మూడుసార్లు కొట్టింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

నేను ఈసారి ఆ తలవైపు చూడలేదు. అత్తయ్య మొహంవైపు చూశాను. ముప్ఫై ఏళ్ళుగా రోజుకి నాలుగుసార్లు అడుగుతున్న మనిషి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"ఉన్నాను, ఉన్నాను," అన్నాడు మామయ్య.

అత్తయ్య ఊపిరి వదిలి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.